కాగితం లేని రోగం

వాడ ఆరోగ్యం – 6వ భాగం

“దళితవాడల్లో టీకా అంటే భయం. చదువు లేదు, అవగాహన లేదు, చెప్పినా వినరు.” కోవిడ్ రోజుల్లో టీవీ చర్చల్లో మొదలైన ఈ మాట ఇంకా చావలేదు. పబ్లిక్ హెల్త్ మీద ఎక్కడ సెమినార్ జరిగినా ఎవరో ఒక పెద్దమనిషి లేచి ఇదే అంటాడు. పక్కనున్నవాళ్లు తలలూపుతారు. ఈ మాటలో వాళ్లకొక సుఖం ఉంది. తప్పంతా సూది వేయించుకోనివాడి మీదికి పోతుంది. సూది ఎవరికి ముందు, ఎవరికి తర్వాత, ఎవరికి ఎప్పటికీ లేదు అని రాసినవాడి మీదికి పోదు.

అందుకే ఈ భాగంలో ఒక్క విషయమే మాట్లాడతాను. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, ఆయాసం, సికిల్ సెల్, హెచ్ఐవీ. ఇవి ఒకసారి పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలని రోగాలు. ఇవి ఉన్నవాళ్లకే టీకా అందరికన్నా ఎక్కువ అవసరమని వైద్యశాస్త్రం చెబుతుంది. మరి వాడలో ఇవి ఉన్న మనిషికి టీకా అందకపోతే ముందు అడగాల్సింది ఏమిటి? “ఎందుకు భయపడ్డావు” అనా? “నిన్ను ఏ కాగితం అడిగారు, ఎంత డబ్బు అడిగారు” అనా?

1. ఇరవై జబ్బుల జాబితా

2021 జనవరి 16న దేశంలో కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. ముందు ఆరోగ్య సిబ్బందికి, ఆ తర్వాత పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు వంటి ఫ్రంట్‌లైన్ సిబ్బందికి. మార్చి 1 నుంచి 60 దాటిన అందరికీ, 45 నుంచి 59 మధ్య ఉన్నవాళ్లలో జబ్బులున్నవారికి. ఏ జబ్బులు? కేంద్రం 20 జబ్బుల జాబితా ఇచ్చింది.

ఆ జాబితాను ఇప్పుడు మళ్లీ తీసి చదవండి. గుండె, కిడ్నీ, లివర్, క్యాన్సర్, సికిల్ సెల్, తలసేమియా, హెచ్ఐవీ, అవయవ మార్పిడి, అన్నీ ఉన్నాయి. వైద్యం తెలిసినవాళ్లే రాశారు. కానీ జబ్బు పేరు పక్కన పెట్టిన షరతు చూడండి.

షుగరు ఉంటే చాలదు. పదేళ్లకు పైబడి ఉండాలి, లేదా దానివల్ల వేరే అవయవం దెబ్బతిని ఉండాలి. ఆపైన బీపీకి మందులు వాడుతూ ఉండాలి. పక్షవాతం వస్తే చాలదు. సీటీ గానీ ఎమ్మారై గానీ తీయించిన రుజువు ఉండాలి, దానితోపాటు బీపీకో షుగరుకో చికిత్స జరుగుతూ ఉండాలి. గుండె బలహీనపడి ఆయాసపడుతుంటే చాలదు. గడిచిన ఏడాదిలో ఆ జబ్బుతో ఆసుపత్రిలో చేరి ఉండాలి. ఊపిరితిత్తుల జబ్బయితే గడిచిన రెండేళ్లలో ఆసుపత్రిలో చేరి ఉండాలి, లేదంటే గొట్టంలో ఊదే పరీక్షలో ఊపిరి సగానికన్నా తక్కువ ఉందని తేలాలి.

గడిచిన ఏడాది అంటే ఏది? 2020. లాక్‌డౌన్ ఏడాది. బస్సుల్లేవు, ఓపీలు మూసేశారు, కోవిడ్ కాని రోగిని గేటు దగ్గరే ఆపేశారు. ఆ ఏడాది ఆసుపత్రిలో చేరగలిగినవాడెవడు? కారున్నవాడు, కార్పొరేట్ ఆసుపత్రిలో తెలిసిన డాక్టరున్నవాడు. ఇంట్లోనే రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని రాత్రంతా కూర్చుని ఊపిరి పీల్చుకున్న ముసలాయన గుండె కూడా ఫెయిలయ్యే ఉంది. కానీ అది రికార్డులో ఫెయిల్ కాలేదు.

ఇక ఆ 20లో లేనివి చూడండి. క్షయ లేదు. సిలికోసిస్ పేరు లేదు. క్రషర్లలో, పలుగురాళ్ల మిల్లుల్లో దుమ్ము మింగి దగ్గే కూలివాడి ఊపిరితిత్తులకు ఆ కాగితంలో సొంత పేరే లేదు. రక్తహీనత లేదు. ఏళ్ల తరబడి సరైన తిండి లేక బక్కచిక్కిన ఒంటికి చోటు లేదు. రోగాలకు కులం లేదంటారు. సరే. రోగాల జాబితాకు ఉంది. ఎవరి రోగానికి స్కాన్ ఉంటుందో, డిశ్చార్జి సమ్మరీ ఉంటుందో వాళ్ల రోగమే జాబితాలోకి ఎక్కింది.

2. ఏ ఆర్ఎంపీ సంతకం?

జాబితాలో జబ్బు ఉన్నా సరిపోదు. ఫారం మీద రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ సంతకం కావాలి. పొట్టిగా రాస్తే ఆర్ఎంపీ.

తెలుగు పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇక్కడ నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మనకు తెలిసిన ఆర్ఎంపీ ఎవరు? ఊళ్లో సైకిల్ మోటారు మీద సంచి వేసుకుని తిరిగే ఆర్ఎంపీ డాక్టరు. అర్ధరాత్రి పిలిస్తే వాడలోకి వచ్చేది ఆయనే. బీపీ చూసేది ఆయనే, షుగరు బిళ్లలు కాగితంలో చుట్టి ఇచ్చేది ఆయనే, డబ్బులు కోతలయ్యాక ఇచ్చినా సరేననేది ఆయనే. ఆయన చీటీ రాయడు, రాసినా అది చెల్లదు. ప్రభుత్వం అడిగిన ఆర్ఎంపీ వేరే. ఎంబీబీఎస్ చదివి, మెడికల్ కౌన్సిల్ నంబరు ఉన్నాయన. ఆ ఆర్ఎంపీ వాడలోకి రాడు. ఈ ఆర్ఎంపీ సంతకం పనికిరాదు. మూడక్షరాలు ఒకటే. వాటి మధ్య మా వాడ మొత్తం పడిపోయింది.

ఆ మార్చిలో మా మండలంలో టీకాలు వేసేచోట నేను రోజూ ఉండేవాణ్ని. మావాళ్ల ఆధార్ నంబర్లు ఎక్కించడం, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివి చెప్పడం నా పని. ఒకరోజు మాకు పెద్దమ్మ వరసయ్యే మనిషి వచ్చింది. వయసు 52. షుగరు ఎప్పటి నుంచో. కాలి బొటనవేలు తీసేసి మూడేళ్లయింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరు నిండా ఖాళీ బిళ్లల అట్టలు.

“సర్టిఫికెట్ ఏదమ్మా?” అని అడిగింది నర్సు.

“సర్టిఫికెట్ ఎందుకమ్మా, నా కాలు చూడు” అంది పెద్దమ్మ.

నర్సమ్మ చెడ్డ మనిషి కాదు. ఆమెకు పైనుంచి వచ్చిన ఫారం అది. కాలు చూసింది, కళ్లు దించుకుంది, “డాక్టరు గారి సంతకం తెచ్చుకో” అంది. తాలూకా ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరు పాత రికార్డులు అడిగాడు. వేలు తీసిన ఆసుపత్రి చీటీ వరదకు ఇంట్లో నీళ్లొచ్చినప్పుడు పోయింది. షుగరుకు పదేళ్ల రుజువు లేదు, వేలు షుగరువల్లే పోయిందనడానికి చీటీ లేదు, బీపీ మందుల రుజువు లేదు. సంతకం పెట్టలేదు. రెండు రోజుల కూలి, ఆటో ఖర్చు పోయాయి. అదే నెలలో పట్నంలో ఫ్యామిలీ డాక్టరున్న ఇళ్లలో ఆ సర్టిఫికెట్ వాట్సాప్‌లో పీడీఎఫ్‌గా వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రిలో 250 రూపాయలు కట్టి వేయించుకున్నారు.

“ఆ నిబంధన ఒక్క నెలే కదా, ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ ఇచ్చారు కదా” అంటారు. నిజం. ఏప్రిల్‌లో పెద్దమ్మకు టీకా పడింది. అదే నా వాదనకు రుజువు. కాగితం అడగడం మానేసిన రోజున పెద్దమ్మ భయం కూడా పోయింది. అసలు ఆమెకు భయం ఎప్పుడుంది?

3. నలభై ఐదేళ్ల గీత

ఆ జాబితాలో నన్ను ఎక్కువ మండించింది షరతులు కూడా కాదు. దాని నెత్తిన ఉన్న వయసు. 45 నుంచి 59.

సికిల్ సెల్ జాబితాలో ఉంది. తలసేమియా మేజర్ ఉంది. ఈ రెండూ పుట్టుకతో వచ్చే జబ్బులు. పసితనం నుంచే పీడిస్తాయి. మన ఆదివాసీ గూడేల్లో, విదర్భ దళిత బస్తీల్లో సికిల్ సెల్‌తో నలభై ఐదో పుట్టినరోజు చూసేవాళ్లు ఎంతమంది? పాడేరు ఏజెన్సీలోనో ఆదిలాబాద్‌లోనో ఉన్న పాతికేళ్ల సికిల్ సెల్ అమ్మాయికి ప్రభుత్వం చెప్పింది ఇదీ: నీ జబ్బు మాకు తెలుసు, జాబితాలో రాసుకున్నాం, ఇంకో ఇరవై ఏళ్లు బతికి రా.

ఉద్దానం చూడండి. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కూలి చేసుకునే మనుషుల కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఈరోజుకీ తేలలేదు. అక్కడ ముప్పైల్లో, నలభైల్లో డయాలసిస్‌కు ఎక్కినవాళ్లున్నారు. డయాలసిస్ జాబితాలో ఉంది. కానీ గీత 45 దగ్గర గీశారు.

డయాలసిస్ రోగి సంగతి మిగతావాళ్లలాంటిది కాదు. “ఇంట్లోనే ఉండండి, సురక్షితంగా ఉండండి” అని ఫోన్ చేసినప్పుడల్లా వినిపించిన రోజులవి. అతను ఇంట్లో ఉంటే చచ్చిపోతాడు. వారానికి రెండుసార్లో మూడుసార్లో ఆసుపత్రికి పోవాలి, నాలుగేసి గంటలు పది మంది మధ్య మంచం మీద పడుకోవాలి. లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు కరోనా ఉన్నచోటికే నడిచి వెళ్లాల్సినవాడు అతను. వయసు ఏదైనా ముందు వరసలో ఉండాల్సినవాడు.

మా వాడలో ఒక తాపీ మేస్త్రీ ఉండేవాడు. నాకు అన్న వరస. వయసు 36. రెండేళ్లుగా డయాలసిస్. మార్చిలో టీకా లేదు, 45 నిండలేదు. ఏప్రిల్‌లో లేదు, 45 నిండలేదు. మే 1 నుంచి 18 దాటిన అందరికీ అన్నారు. ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకోవాలన్నారు. ఆ వయసువాళ్ల టీకా రాష్ట్రాలు కొనుక్కోవాలి, లేదా ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించుకోవాలి అన్నారు. నేను రాత్రీ పగలూ ఆ యాప్ నొక్కాను. స్లాటు కనబడేది, నొక్కేలోపు ఎర్రగా మారేది. మే రెండో వారంలో అన్న పోయాడు. టీకా పడి ఉంటే బతికేవాడని నేను ప్రమాణం చేయలేను. డయాలసిస్ ఒంట్లో టీకా కూడా బలహీనంగానే పనిచేస్తుంది. కానీ ఆ అవకాశం అతనికి ఇవ్వలేదు. జబ్బు చూసి కాదు, పుట్టిన తేదీ చూసి ఇవ్వలేదు.

18 నుంచి 44 ఏళ్లవాళ్లతో డబ్బు కట్టించే ఆ విధానం పైకి చూస్తేనే ఏకపక్షంగా, అహేతుకంగా ఉందని సుప్రీంకోర్టు మే 31న అంది. జూన్ 21 నుంచి కేంద్రమే ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మంచిదే. మేలో పోయినవాళ్లకు జూన్ నిర్ణయం పనికిరాదు.

వయసు గీత అందరికీ ఒకటే కదా అంటారు. ఆయుష్షు అందరికీ ఒకటా? మన దేశంలో దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కన్నా సగటున 14.6 ఏళ్లు ముందే చనిపోతున్నదని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదిక చెప్పింది. త్వరగా ముసలితనం వచ్చే ఒళ్లకు, నిదానంగా ముసలితనం వచ్చే ఒళ్లకు ఒకే పుట్టినరోజు కొలత పెట్టి దాన్ని సమానత్వం అంటే ఎలా?

పిల్లల సంగతి ఇంకా ఘోరం. 15 నుంచి 18 వాళ్లకు 2022 జనవరిలో, 12 దాటినవాళ్లకు మార్చిలో మొదలుపెట్టారు. 12 లోపు పిల్లలకు ప్రభుత్వ కార్యక్రమం ఎప్పుడూ మొదలే కాలేదు. జబ్బు లేని పిల్లలకు అంత తొందర లేదంటే ఒప్పుకుంటాను. సికిల్ సెల్ ఉన్న పదేళ్ల బిడ్డ కూడా ఆ లెక్కలోనే పోవాలా?

4. భయం గురించి కూడా మాట్లాడదాం

వాడలో, గూడెంలో భయం అసలు లేదని నేను అనను. ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి.

2009 జూలై. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఖమ్మం జిల్లా. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, మన ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశాయి. దాదాపు 14 వేల మంది పిల్లలు. చాలామంది ఆదివాసీ, దళిత పిల్లలు, ఎంతోమంది ఆశ్రమ హాస్టళ్లలో ఉన్నవాళ్లు. ఖమ్మంలోనూ, ఇదే కార్యక్రమం జరిగిన గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారన్న వార్తలతో, మహిళా సంఘాలు, ఆరోగ్య హక్కుల సంఘాలు గొడవ చేయడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు.

ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ విషయం దాచి రాయడం మన పని కాదు. తేలింది వేరే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అమ్మానాన్న బతికే ఉన్నారు, పక్క గూడెంలోనే ఉన్నారు, వార్డెన్ సంతకం పెట్టాడు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది.

గమనించండి. పెద్దమ్మ టీకా అడిగినప్పుడు డాక్టరు సంతకం లేనిదే కుదరదన్నారు. గూడెం పిల్ల మీద టీకా పరీక్షించాలనుకున్నప్పుడు తల్లి సంతకం కూడా అక్కర్లేకపోయింది. మనం అడిగితే కాగితం తెమ్మంటారు, వాళ్లకు మనం కావాల్సివస్తే కాగితం వాళ్లే రాసుకుంటారు. ఇది చూసిన తల్లికి సూది అంటే అనుమానం రాకపోతే ఆశ్చర్యపోవాలి. మావాళ్ల భయానికి అజ్ఞానం అని పేరు పెట్టకండి. అది జ్ఞాపకం.

5. మనవాళ్లతో ఒక మాట

ఇప్పుడు మనలోపలి మాట. కొంచెం కటువుగానే ఉంటుంది.

ఆ జ్ఞాపకాన్ని చూపించి “టీకాలన్నీ కుట్ర, కంపెనీల వ్యాపారం, మన జనం దూరంగా ఉండాలి” అని ఉద్యమ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసే మిత్రులున్నారు. అలాంటి మెసేజ్ పంపే చాలామందికి రెండు డోసులూ పడ్డాయని నాకు తెలుసు. ఉద్యోగం కోసమో, విమానం ఎక్కడానికో వేయించుకున్నారు. దాన్ని నమ్మి ఆగిపోయేది వాడలో షుగరున్న తల్లి. హెచ్‌పీవీ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే మంచి టీకా. ఆ క్యాన్సర్‌తో ఎక్కువ చచ్చిపోయేది పేద ఆడవాళ్లే. ఖమ్మంలో జరిగిన నేరం మందులో లేదు, మన పిల్లల్ని అడగకపోవడంలో ఉంది. ఈ రెంటినీ కలిపి చెబితే నేరం చేసినవాడు తప్పించుకుంటాడు, మన ఆడవాళ్లు క్యాన్సర్‌కు దొరుకుతారు.

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది ఎగబడ్డారు. చదువుకున్నవాళ్లు ఎగతాళి చేశారు. ఆ మందు కోవిడ్‌ను తగ్గిస్తుందని ఏ పరీక్షలోనూ రుజువు కాలేదు, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ క్యూను ఒకసారి గుర్తు చేసుకోండి. జనానికి మందు మీద భయమే ఉంటే అంతమంది ఎందుకొచ్చారు? అక్కడ స్లాటు లేదు, జబ్బు రుజువు చేసే సర్టిఫికెట్ లేదు, డబ్బు లేదు. సర్కారు టీకా కేంద్రం తెరవని తలుపు అక్కడ తెరిచి ఉంది. జనం తెరిచిన తలుపు వైపు పోతారు.

మన పరంపర సూదికి దూరంగా పారిపోయే పరంపర కాదు. 1897లో పుణేను ప్లేగు ఊడ్చేస్తున్నప్పుడు డాక్టరైన కొడుకు యశ్వంత్ పెట్టిన శిబిరంలో సావిత్రిబాయి ఫూలే రోగులకు సేవ చేసింది. ముండ్వా మహర్‌వాడ పిల్లాణ్ని వీపున మోసుకొచ్చింది. ఆ రోగమే సోకి మార్చి 10న చనిపోయింది. అదే ఏడాది జనవరిలో బొంబాయిలో హాఫ్‌కిన్ తాను తయారుచేసిన ప్లేగు టీకాను ముందు తన ఒంటి మీదే పరీక్షించుకున్నాడు. రోగిని ముట్టుకోవడం, శాస్త్రాన్ని నమ్మడం, రెండూ మనవే. బాబాసాహెబ్ కూడా ఏళ్ల తరబడి షుగరుతో బాధపడ్డ మనిషే.

6. టీకాల రాజధానిలో

కోవిడ్ అయిపోయింది కదా, ఇదంతా ఇప్పుడెందుకు అంటారా? ఇప్పుడే ఎక్కువ అవసరం.

షుగరు అదుపులో లేని ఒంట్లో తెల్ల రక్తకణాలు సరిగా పోరాడలేవు. మామూలు ఫ్లూ వచ్చినా న్యుమోనియాకు దిగుతుంది. గుండె జబ్బున్నవాడికి ఫ్లూ వస్తే హార్ట్ ఎటాక్ ప్రమాదం పెరుగుతుంది. సికిల్ సెల్‌లో ప్లీహం చిన్నతనంలోనే పనిచేయడం మానేస్తుంది, న్యుమోకాకస్ బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి పోయి గంటల్లో ప్రాణం తీయగలదు. డయాలసిస్ యంత్రం మీద రక్తం తిరిగే ప్రతిసారీ హెపటైటిస్ బి సోకే ముప్పు ఉంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక రోగాలున్నవాళ్లకు ఏటా ఫ్లూ టీకా వేయమంటుంది. డయాలసిస్ రోగులకు హెపటైటిస్ బి టీకా మామూలుకన్నా రెట్టింపు మోతాదులో వేయాలని, తర్వాత రక్తపరీక్ష చేసి అది పట్టిందో లేదో చూడాలని వైద్యులు చెబుతారు.

మన ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది. అది పసిపిల్లలకూ గర్భిణులకూ. గొప్ప కార్యక్రమం, మన బిడ్డల్ని బతికించింది. న్యుమోకాకల్ టీకా కూడా 2021 నుంచి దేశమంతా పసిపిల్లలకు ఇస్తున్నారు. కానీ అంతకుముందు పుట్టిన సికిల్ సెల్ పిల్లవాడు? షుగరున్న యాభై ఏళ్ల కూలీ? ఆయాసమున్న క్రషర్ కార్మికుడు? వాళ్లకు ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేసే కార్యక్రమం పీహెచ్‌సీలో లేదు. మెడికల్ షాపులో ఉంది. ఫ్లూ టీకా వెయ్యి దాటుతుంది, న్యుమోనియా టీకా వేలల్లో. ఉపాధి హామీ కూలి 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో రోజుకు 307 రూపాయలు. లెక్క మీరే వేసుకోండి. దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. వాళ్లలో ఈ టీకా పేరు విన్నవాళ్లు ఎంతమంది?

లండన్‌లో చదువుకుంటున్న మన తెలుగు విద్యార్థికి రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేంత ఆస్తమా ఉంటే అక్కడి ప్రభుత్వ వైద్యంలో ఫ్లూ టీకా ఉచితం. అదే ఆస్తమాతో ఊళ్లో పత్తి చేలో పనిచేసే వాళ్లమ్మకు లేదు.

మరి మన దగ్గర టీకాలు తయారు కావా? ప్రపంచం వాడే టీకాల్లో మూడో వంతు హైదరాబాద్‌లోనే తయారవుతాయని పాలకులు ప్రతి సభలో చెప్పుకుంటారు. దేశంలో మొట్టమొదటి స్వదేశీ రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను 1997లో తెచ్చింది హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్. అది వచ్చాక విదేశీ టీకా ధర కూలిపోయింది. భారత్ బయోటెక్ ఇక్కడే, బయొలాజికల్ ఇ ఇక్కడే. ఆ ఫ్యాక్టరీల చుట్టుపక్కల ఊళ్లలో షుగరుతో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. టీకా లారీ వాళ్ల గుమ్మం ముందు నుంచే విమానాశ్రయానికి పోతుంది.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడు పెద్దాసుపత్రి గడప తొక్కాడు. ఆ మేలు నేను కాదనను. కానీ దాని లెక్క చూడండి. రోగి ఆసుపత్రిలో పడితేనే డబ్బు కదులుతుంది. న్యుమోనియాతో వెంటిలేటర్ ఎక్కితే ప్యాకేజీ. ఆ న్యుమోనియా రాకుండా ఆపే సూదికి రూపాయి లేదు. మన ఒళ్లు పాడైతేనే ఎవరికో బిల్లు వస్తుంది.

7. ఏం అడగాలి, ఏం చేయాలి

విద్యార్థి మిత్రులారా, ఇది చదివి బాధపడితే సరిపోదు. పని చెబుతున్నాను.

ఒకటి: దీర్ఘకాలిక రోగులకు ఫ్లూ, న్యుమోకాకల్, హెపటైటిస్ బి టీకాలు పీహెచ్‌సీలోనే ఉచితంగా ఇవ్వాలి. వయసుతో పనిలేకుండా, జబ్బును బట్టి. ఏ విద్యార్థి సంఘం మెమొరాండంలోనైనా స్కాలర్‌షిప్ డిమాండ్ పక్కన ఈ వాక్యం ఉండాలి.

రెండు: రోగం రుజువు చేసే భారం రోగి మీద పెట్టొద్దు. ఏఎన్ఎమ్, ఆశా వర్కర్ ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు చూసి నమోదు చేస్తున్నారు. ఆ రిజిస్టరే రుజువు కావాలి. 2022 జనవరిలో 60 దాటిన రోగులకు ముందుజాగ్రత్త డోసు ఇచ్చినప్పుడు సర్టిఫికెట్ అక్కర్లేదని కేంద్రమే చెప్పింది. ఒకసారి కుదిరింది ఎప్పుడూ కుదురుతుంది.

మూడు: ప్రతి ప్రభుత్వ డయాలసిస్ కేంద్రానికీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఎంతమంది రోగులు, ఎంతమందికి హెపటైటిస్ బి టీకా పూర్తయింది, ఎంతమందికి తర్వాత యాంటీబాడీ పరీక్ష చేశారు. ఈ మూడు ప్రశ్నలే. జవాబు రాకపోతే అదే జవాబు.

నాలుగు: సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను 2023 జూలైలో ఘనంగా మొదలుపెట్టారు. పరీక్షలు చేస్తున్నారు, కార్డులు ఇస్తున్నారు. కార్డు రోగాన్ని ఆపదు. కార్డు పొందిన ప్రతి బిడ్డకూ న్యుమోకాకల్ టీకా పడిందా అని అడగండి.

ఐదు: వాడలో కూర్చుని చెప్పండి, భయపెట్టకుండా, దాచకుండా. టీకా వేసేవాళ్లకు మన జబ్బులు, వాడే మందులు చెప్పాలి. క్యాన్సర్ మందులు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, అవయవ మార్పిడి తర్వాతి మందులు వాడేవాళ్లకు, హెచ్ఐవీతో బాగా నీరసించినవాళ్లకు బతికున్న సూక్ష్మజీవితో చేసే బీసీజీ, తట్టు, చికెన్‌పాక్స్ వంటి టీకాలు ప్రమాదం కావచ్చు. డాక్టరును అడగకుండా వేయించుకోకూడదు. ఫ్లూ సూది, న్యుమోనియా సూది, హెపటైటిస్ బి సూది అలాంటివి కావు, వీళ్లకు అవి వేయొచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలుపెట్టబోతుంటే, వీలైతే ముందే టీకాలు పూర్తిచేసుకోవాలి. ఈ మాటలు తెలుగులో, వాడ భాషలో, ఒక కాగితం మీద రాసి పంచండి.

ఆరు: సంతకం మనదే కావాలి. ఏ కొత్త టీకా, ఏ ప్రయోగం మన హాస్టల్‌కు వచ్చినా తల్లిదండ్రులకు చదివి వినిపించకుండా వార్డెన్ సంతకంతో నడవనివ్వకండి. టీకా కావాలని కొట్లాడేది మనమే, అడగకుండా పొడిస్తే ఆపేది మనమే. ఈ రెండింటికీ వైరుధ్యం లేదు.

మన రోగం మన ఒంటి మీద రాసి ఉంది. తెగిన వేలు మీద, డయాలసిస్ సూదితో ఉబ్బిన చేతి నరం మీద, రాత్రి దగ్గులో. దాన్ని చదవడం రాని ప్రభుత్వానికి చదవడం నేర్పాల్సింది మనం. మనవాళ్ల చేత కాగితాలు మోయించింది చాలు.

వచ్చే భాగంలో సఫాయి కార్మికుల గురించి. మ్యాన్‌హోల్‌లోకి దిగే మనిషికి ధనుర్వాతం, హెపటైటిస్ బి టీకాలు ఎవరు వేయించాలి, కాంట్రాక్టరా, మున్సిపాలిటీయా? మీ ఊళ్లో సంగతి మీకు తెలిస్తే రాసి పంపండి.

జై భీమ్. జై సావిత్రి.